మాటిమాటికి మొదలగు థర్మోస్టాటు

థర్మోస్టాటు అనగా వేడిమిని కనిపెట్టుచు, అవసరమైనపుడు యంత్రమును నడిపి, అవసరము తీరగానే ఆపివేయు చిన్న పరికరము. ఇస్త్రీపెట్టెలోను, గీజరులోను, ఫ్రిజ్‌లోను ఇది చిరకాలముగా ఉన్నది. గోడకు బిగించిన ఏసీలోను ఉన్నది. ఇటీవలి సంవత్సరములలో దీనికి కొత్త తరము వచ్చినది. ఫోను ద్వారా ఆజ్ఞలు గైకొని, వైఫై ద్వారా సమాచారము పంపుచు, ఇంటివారి అలవాట్లను గుర్తుంచుకొని గది చల్లదనమును దిద్దు పరికరమును స్మార్ట్ థర్మోస్టాటు అనుచున్నారు. నగరములలోనే కాక, వనపర్తి జిల్లా ఆత్మకూరు వంటి చిన్న పట్టణములలో సైతము ఏసీలు, వాటి వెంట ఇట్టి నియంత్రకములు ఇండ్లలో ప్రవేశించుచున్నవి.

కొత్త పరికరముతో కొత్త చిక్కు వచ్చినది. పలకపై అంకెలు వెలుగుచుండగా హఠాత్తుగా చీకటి యగును. కొన్ని క్షణములకు తయారీదారు గుర్తు కనిపించును. మరల అంకెలు వచ్చును. పావుగంట గడవక ముందే మరల చీకటి. ఏసీ నడిచినట్లే నడిచి ఆగిపోవును. రాత్రి రెండు గంటల వేళ చంటిబిడ్డ చెమటతో లేచి ఏడ్చును. మరునాడు మరమ్మతుదారు వచ్చి లోపలి సర్క్యూటు పలకను మార్చవలెనని చెప్పును. మార్చిన వారమునకు పాత కథ మరల మొదలగును. విసిగిన గృహస్థు ఆ పరికరమును మూలకు పడవేసి మరియొకటి కొనును. అదియు అట్లే చేయును.

ఈ విషయమున మేము శ్రోతలకు ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. మాటిమాటికి మొదలగు పరికరము చాల సందర్భములలో తాను చెడినది కాదు. తనకు అందవలసిన విద్యుత్తు సరిగా అందుట లేదని తెలుపుచున్నది. ఆ మాటను వినక పరికరమును మార్చినచో డబ్బు పోవును, చిక్కు మిగులును. అంతకంటె ముఖ్యముగా, గోడలో ఎక్కడనో వేడెక్కుచున్న తీగ అట్లే ఉండిపోవును. అది ప్రాణాపాయము.

పాత థర్మోస్టాట్లకు ఈ జబ్బు ఎందులకు లేదో తెలిసికొన్నచో కొత్తవాటి స్వభావము తేటపడును. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున వైట్‌వాటర్ అను ఊరి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అను ఆచార్యుడు ఉండెను. తరగతి గది వేడిమిని చూచుటకు పనివాడు మాటిమాటికి లోనికి వచ్చి పాఠమునకు అంతరాయము కలిగించుచుండగా, గది వేడిమి మారినపుడు బాయిలరు ఉన్న చోట గంట మ్రోగు ఏర్పాటును ఆయన కల్పించి 1883లో పేటెంటు పొందెను. తరువాత వచ్చినవానిలో 1953లో హనీవెల్ సంస్థ వెలువరించిన గుండ్రని థర్మోస్టాటు జగత్ప్రసిద్ధము. వాటి లోపల రెండు వేరు వేరు లోహముల పట్టీ అతికింపబడి ఉండును. వేడికి రెండు లోహములును ఒకే తీరున వ్యాకోచింపవు గనుక పట్టీ వంగును. వంగి స్విచ్చును కలుపును, లేక విడదీయును. మన ఇస్త్రీపెట్టెలో టిక్కుమను చప్పుడు దానిదే. ఆ పట్టీకి తన కొరకు విద్యుత్తు అక్కరలేదు. కావున అది అలసిపోదు, నిద్రపోదు, తిరిగి మేల్కొనదు.

స్మార్ట్ థర్మోస్టాటు స్థితి వేరు. దానిలో ఒక చిన్న కంప్యూటరు కలదు. ఆ కంప్యూటరుకు రాత్రింబవళ్ళు కొంచెము విద్యుత్తు నిలకడగా కావలెను. వోల్టేజీ ఒక హద్దునకు దిగువకు జారినచో లెక్కలు తప్పు చేయుటకంటె ఆగిపోవుటయే మేలని దానిని రూపొందించినవారు నిర్ణయించిరి. కావున వోల్టేజీ జారగానే అది ఆగును. పుంజుకొనగానే మొదటినుండి పని ప్రారంభించును. మరల జారును, మరల ఆగును. మనము చూచు తంతు ఇదియే. వైఫై ద్వారా సమాచారము పంపు క్షణమున దానికి విద్యుత్తు ఒక్కసారిగా ఎక్కువ కావలసియుండును. బలహీనమైన సరఫరా సరిగా ఆ క్షణముననే చేయి వదలివేయును.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ చిక్కు మరియొక రూపమున పరిచితమే. అచ్చటి ఇండ్లలో ఇల్లంతటికి ఒకే యంత్రము చల్లదనమును, వేడిమిని ఇచ్చును. గోడపై థర్మోస్టాటుకు 24 వోల్టుల సన్నని తీగలు వచ్చును. పట్టీతో పని చేయు పాత థర్మోస్టాట్లకు విద్యుత్తు అక్కరలేకపోవుటచే, అనేక పాత ఇండ్లలో సరఫరా మార్గమును పూర్తి చేయు ‘సీ’ తీగ అను ఉమ్మడి తీగను గోడవరకు తేలేదు. 2011లో నెస్ట్ అను స్మార్ట్ థర్మోస్టాటు విపణికి వచ్చినపుడు, ఆ తీగ లేని ఇండ్లలో అది ఇతర తీగలనుండి కొంచెము కొంచెముగా విద్యుత్తును గ్రహించి తన బ్యాటరీని నింపుకొనునట్లు ఏర్పరచిరి. ఆ గ్రాసము చాలని ఇండ్లలో బ్యాటరీ తరిగి, పరికరము ఆగి మొదలగుట సంభవించును. అచ్చట అనుభవజ్ఞులు మొదట అడుగు ప్రశ్న ‘సీ తీగ ఉన్నదా?’ అనియే. తీగ సరిగనే ఉండియు పరికరము ఆగుచున్నచో, ఏసీ నీరు పోవు గొట్టము పూడుకొని, తొట్టెలో నీరు పెరిగి, దానిలోని తేలు స్విచ్చు విద్యుత్తును కత్తిరించుచున్నదేమో చూతురు. నీరు దిగగానే ప్రాణము వచ్చును, నిండగానే పోవును.

పరికరములోని తప్పే కారణమగు సందర్భములు లేకపోలేదు. నెస్ట్ పరికరములకు దూరమునుండి పంపిన ఒక సాఫ్ట్‌వేరు మార్పు కారణముగా బ్యాటరీలు అడుగంటి, చలికాలపు రాత్రులలో పలువురి ఇండ్లు చల్లబడిపోయిన వార్త 2016 జనవరిలో పత్రికలలో వచ్చినది. అచ్చట సైతము పరికరమును ఆపినది బ్యాటరీలో విద్యుత్తు లేమియే అని గమనింపవలెను.

ఇక మన ఇండ్ల సంగతి. మన వద్ద గదికొక ఏసీ ఉండును గాని ఇల్లంతటికి ఒక యంత్రము ఉండుట అరుదు. కావున మన ఇండ్లలో థర్మోస్టాటు రెండు రూపములలో కనిపించును. ఒకటి ఏసీ లోపలనే ఉండు నియంత్రణ పలక. రెండవది మనము వేరుగా కొని, ఫోను చార్జరు వంటి 5 వోల్టుల అడాప్టరుకు తగిలించి, ఏసీకి ఎదురుగా పెట్టు చిన్న డబ్బా. అది రిమోటు చేయు పనిని తాను చేయును. ఈ రెంటికి గ్రాసము వేరు వేరు దారులలో అందును. ఏది ఆగుచున్నదో ముందుగా తేల్చుకొనవలెను. అది తేలినచో సగము పని తీరినట్లే.

ఇంకొక సంగతి గూడ మొదటనే తేల్చుకొనవలెను. గది చల్లబడగానే బయటి కంప్రెసరు ఆగుట, వేడెక్కగానే మరల నడచుట దోషము కాదు. థర్మోస్టాటు ఉన్నదే అందులకు. అట్టి వేళ పలకపై వెలుగు పోదు, లోపలి పంకా తిరుగుచునే యుండును. వెలుగు సైతము ఆరిపోయి తిరిగి వచ్చినచో అప్పుడే దానిని దోషముగా లెక్కింపవలెను.

ముందుగా విడిగా కొన్న డబ్బా సంగతి చూతము. దాని చార్జరుపై చిన్న అక్షరములతో 100 నుండి 240 వోల్టులని వ్రాసియుండుట శ్రోతలు చూచియే యుందురు. అనగా ఇంటి వోల్టేజీ 170కి పడిపోయినను చార్జరు తన 5 వోల్టులను ఇచ్చుచునే యుండవలెను. కావున ఏసీ చక్కగా నడచుచుండగా డబ్బా మాత్రమే ఆగి మొదలగుచున్నచో, నేరమును వీధి విద్యుత్తుపై మోపుటకు ముందు చార్జరును, దాని కేబులును, ప్లగ్గు పెట్టిన సాకెట్టును అనుమానింపవలెను. నాసిరకపు చార్జరు, సన్నని పొడుగాటి కేబులు, వదులైన సాకెట్టు, ఈ మూడును తరచు దొరకు దోషులు. నమ్మకమైన చార్జరును, పొట్టి కేబులును మార్చి ఒక పూట చూడవలెను. ఖర్చు లేదు, ప్రమాదము లేదు.

అప్పటికిని ఆగనిచో డబ్బాను ఒక రాత్రి పవర్ బ్యాంకుకు తగిలించి చూడవలెను. పవర్ బ్యాంకుపై నిలకడగా నడచినచో ఇంటి సరఫరాలో లోపమున్నదని తేలును. దానిపై సైతము ఆగి మొదలగుచున్నచో లోపము డబ్బాలోనో, వైఫైలోనో ఉన్నది. అయితే కొన్ని పవర్ బ్యాంకులు భారము మరీ తక్కువగా ఉన్నచో తమంతట తామే ఆగిపోవును. ఆ ఆగుటను డబ్బాకు అంటగట్టరాదు. వైఫై దొరకక కొంతసేపు గడచినచో తమను తాము తిరిగి ప్రారంభించుకొను పరికరములు సైతము కలవు. ఇంటి రౌటరు కరెంటు పోయినపుడెల్ల ఆగుచున్నచో, దానిని ఇన్వర్టరుపై పెట్టిన తోడనే చిక్కు తీరవచ్చును. ఎండ నేరుగా పడు గోడపైననో, టీవీ వెనుకనో ఉంచిన డబ్బా తాపమునకే తట్టుకొనలేక ఆగుటయు కలదు.

ఏసీయే ఆగి మొదలగుచున్నచో కథ వేరు. దానిని తెలిసికొనుటకు విద్యుత్తు మన ఇంటికి వచ్చు దారిని మనసులో చూచుకొనవలెను. ఆత్మకూరుకు సమీపముననే కృష్ణానదిపై జూరాల జలాశయము కలదు. అచ్చటి విద్యుత్కేంద్రములో 39 మెగావాట్ల యంత్రములు ఆరు, మొత్తము 234 మెగావాట్లు. దానికి దిగువను ఉన్న లోయర్ జూరాల కేంద్రములో 40 మెగావాట్ల యంత్రములు ఆరు, మొత్తము 240 మెగావాట్లు. ఇంతటి విద్యుత్తు పొరుగుననే పుట్టుచుండగా మన ఇంట దీపము మసకబారుట ఏమని కొందరు ఆశ్చర్యపడుదురు. జూరాలలో పుట్టిన విద్యుత్తు సరాసరి మన వీధికి రాదు. అది లక్షకు పైబడిన వోల్టులకు పెంచబడి రాష్ట్రమంతటికి ఉమ్మడియైన మహామార్గమున కలియును. సబ్‌స్టేషనులలో మెట్టు మెట్టుగా తగ్గి, 11,000 వోల్టుల తీగపై మన పేటకు వచ్చి, వీధి ట్రాన్స్‌ఫార్మరులో 230 వోల్టులై ఇల్లు చేరును. నది నిండుగా ఉన్నను వీధి కాలువ ఇరుకైనచో చివరి మడికి నీరందదు. విద్యుత్తునకును అంతే. ట్రాన్స్‌ఫార్మరుకు దూరమున, తీగ చివరన ఉన్న ఇంటికి సాయంకాలపు వేళ వోల్టేజీ పలుచబడును. సరఫరా వోల్టేజీ చెప్పినదానికి 6 శాతము కంటె హెచ్చుతగ్గులు కారాదని 1956 నాటి భారత విద్యుత్ నియమములు విధించినవి. అనగా 230 వోల్టులకు సుమారు 216 మొదలు 244 వరకు. వేసవి రాత్రులలో 190 చూచిన గృహస్థులు మన ఊళ్ళలో అరుదు కారు.

తక్కిన నష్టము ఇంటిలోపలి తీగలో జరుగును. పాతరకపు ఒకటిన్నర టన్ను ఏసీ నడచునపుడు సుమారు 7 ఆంపియర్ల విద్యుత్తును తీసికొనును. కంప్రెసరు మొదలగు క్షణమున మాత్రము దానికి నాలుగైదు రెట్లు కావలెను; 30 ఆంపియర్లని అనుకొందము. మీటరునుండి ఏసీ వరకు 20 మీటర్ల దూరము ఉన్నదనుకొందము. పోవు తీగ, వచ్చు తీగ కలిసి 40 మీటర్లు. దీపములకు వేసిన ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగనే ఏసీకి వాడినచో ఆ క్షణమున ఆ తీగలోనే సుమారు 22 వోల్టులు హరించుకుపోవును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో 9 వోల్టులు, నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగలో అయిదున్నర వోల్టులు మాత్రమే పోవును. వీధినుండి 190 వోల్టులే వచ్చుచున్న వేళ సన్నతీగ చివరనున్న ఏసీకి 168 మాత్రమే దక్కును. కంప్రెసరు మూలుగును, ఏసీలోని రక్షణ ఏర్పాటు దానిని ఆపివేయును, సుమారు మూడు నిమిషములకు మరల ప్రయత్నించును, మరల ఓడిపోవును. కొత్త ఇన్వర్టరు ఏసీలు మెల్లగా వేగము పుంజుకొనుటచే ఈ మొదటి కుదుపు వాటిలో చాల తక్కువ. అయినను సన్నతీగ వాటికిని తగదు.

ఇంతకంటె భయంకరమైనది వదులైన అతుకు. స్విచ్చు వెనుకనో, ప్లగ్గు సాకెట్టులోనో తీగ వదులైనచో అచ్చట ఒక ఓము అడ్డంకి ఏర్పడినను 7 ఆంపియర్లకు 49 వాట్ల వేడి పుట్టును. ఒక టంకము కర్రను వెలిగించి గోడలోని చిన్న డబ్బాలో పెట్టి మూత వేసినట్లు ఊహించుకొనవలెను. సాకెట్టు పసుపు వన్నెకు తిరుగుట, కమురు వాసన, ప్లగ్గు పట్టుకొనినచో చేయి కాలుట దాని గుర్తులు. ఈ గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినను ఏసీని వెంటనే ఆపి, మెయిను తీసి, పని తెలిసిన ఎలక్ట్రీషియనును పిలువవలెను. అట్టి ఇంట థర్మోస్టాటు ఆగి మొదలగుట ఇంటివారి అదృష్టమేయని చెప్పవలెను.

కారణమును పట్టుటకు మేము సూచించు ఉపాయము ఒక నోటుపుస్తకము, ఒక కలము. పరికరము ఆగిన ప్రతిసారి గంటలు, నిమిషములు వ్రాసికొని, ఆ వేళ ఇంటిలోను వీధిలోను ఏమి జరుగుచుండెనో పక్కన వ్రాయవలెను. మూడు దినములు చాలును. కంప్రెసరు మొదలైన ప్రతిసారి ఆగినచో తీగను, అతుకును, కెపాసిటరును చూపించవలెను. సాయంకాలము ఆరు మొదలు పది వరకు మాత్రమే ఆగి, తెల్లవారుజామున నిలకడగా నడచినచో వీధి వోల్టేజీ కారణము. పొరుగున ఉన్న గిర్ని నడచునపుడో, వెల్డింగు జరుగునపుడో ఆగినచో అదియు వీధి తీగకు సంబంధించినదే. రాత్రింబవళ్ళు గడియారము కొట్టినట్లు సమానమైన వ్యవధిలో ఆగినచో డబ్బా, వైఫై, సాఫ్ట్‌వేరు అనుమానింపదగినవి. మధ్యాహ్నపు ఎండలో మాత్రమే ఆగినచో ఏసీ బయటి భాగమును చూడవలెను. డాబాపై ఎండలో ఊపిరాడక, దుమ్ముతో పూడుకొనిన యంత్రము వేడెక్కి ఆగుట సహజము. లోపలి జల్లెడను పదునైదు దినములకొకసారి నీట కడిగి ఆరబెట్టుట ఇంటివారు చేసికొనదగిన పని. ఈ పట్టికను చేతికిచ్చినచో మరమ్మతుదారు ఊహతో పలకను మార్చడు.

స్టెబిలైజరు పెట్టినచో సరిపోదా అని అడుగుదురు. వీధి వోల్టేజీ తగ్గుటయే కారణమైనచో స్టెబిలైజరు మేలు చేయును. కాని అది విద్యుత్తును పుట్టించునది కాదు. 180 వోల్టులను 230 చేయుటకు అది తీగనుండి మరింత ఎక్కువ ఆంపియర్లను లాగును. సన్నతీగ, వదులైన అతుకు ఉన్న ఇంట వాటిని మరింత వేడెక్కించును. వోల్టేజీ ఊగులాడునపుడు లోపలి రిలేలు టిక్కు టిక్కుమని మారుచు, మారిన ప్రతిసారి లిప్తపాటు సరఫరాను తెంపును. ఆ లిప్తపాటునకే కొన్ని నియంత్రకములు మొదలగుట కలదు. కావున ముందు తీగ, పిదప అతుకు, ఆ పిదపనే స్టెబిలైజరు.

ఇంటివారు ఎన్నడును తలపెట్టరాని పనులు కొన్ని కలవు. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావు తీగ చుట్టరాదు; కాలవలసిన ఫ్యూజు కాలనిచో గోడలోని తీగ కాలును. వీధి ట్రాన్స్‌ఫార్మరు వద్దకు కర్రతో పోయి ఫ్యూజు వేయుటకు సాహసింపరాదు; తెలుగు పల్లెలలో ఈ సాహసము ఎన్నియో ఇండ్ల దీపములను ఆర్పినది. ఇంటిలో ఒక్కసారిగా దీపములు మితిమీరి వెలిగి, పంకాలు విపరీత వేగమున తిరుగుచున్నచో, లేక పొరుగింట మసకబారి మన ఇంట మండుచున్నచో, స్తంభము వద్ద న్యూట్రల్ తీగ తెగినదని అనుమానింపవలెను. అట్టి వేళ 230 రావలసిన చోట 400కు చేరువగా రావచ్చును. వెంటనే మెయిను ఆపి, విద్యుత్ పంపిణీ సంస్థ వారి 1912 సంఖ్యకు ఫోను చేయవలెను.

ఎర్తు సంగతి మన మెట్ట ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలెను. పాలమూరు, నల్లగొండ సీమలలో పైన పలుచని ఎర్రమట్టి, కింద బండ. వేసవిలో ఆ మట్టి ఎండి విద్యుత్తును భూమిలోనికి పోనీయదు. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన ఎర్తు గుంటలో వేసవి అంతయు నీరు పోయుచుండవలెను. 30 మిల్లీఆంపియర్లకే సరఫరాను తెంపు రక్షణ స్విచ్చును ఇంటి మెయిను వద్ద పెట్టించుకొనవలెను. అది మాటిమాటికి పడిపోవుచున్నదని దానిని తీసివేసి నేరుగా తీగ కలుపుట, కాపలావాడు అరచుచున్నాడని వానిని పంపివేయుట వంటిది.

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క ఇంటి పని. నోటుపుస్తకము వీధి వోల్టేజీవైపు వేలు చూపినపుడు ఒక్క ఇల్లు చేయగలిగినది స్వల్పము. దీనికి మన పొలములే మంచి పాఠము చెప్పినవి. వ్యవసాయమునకు గంటల లెక్కన కరెంటు వచ్చిన కాలమున, ఏ వేళ వచ్చునో తెలియక, రైతులు బోరు మోటర్లకు ఆటోమేటిక్ స్టార్టర్లు బిగించుకొనిరి. కరెంటు రాగానే మోటరు తనంతట తానే మొదలగును. రైతు రాత్రివేళ పాముల నడుమ పొలమునకు పోవలసిన పని తప్పును. ఒక్క రైతుకు అది ఉపకారమే. కాని కరెంటు వచ్చిన క్షణముననే ఆ ట్రాన్స్‌ఫార్మరు కింది మోటర్లన్నియు ఒక్కసారిగా మొదలగుటచే వోల్టేజీ కుప్పకూలెను, ట్రాన్స్‌ఫార్మర్లు కాలెను. 2018 జనవరి 1 నుండి తెలంగాణ రాష్ట్రమంతట వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ప్రారంభమైనపుడు ఈ స్టార్టర్లను తొలగించుకొనుడని ప్రభుత్వము రైతులను కోరినది. భూగర్భజలము వృథా కాకుండుట ఒక కారణము. అందరు ఒకే క్షణమున మొదలుపెట్టకుండుట మరియొక కారణము.

నేడు పట్టణపు వీధులలో ఏసీలు ఆ స్టార్టర్ల స్థానమును ఆక్రమించినవి. కరెంటు పోయి వచ్చిన క్షణమున వీధిలోని ఫ్రిజ్‌లు, ఏసీలు అన్నియు కలిసి మేల్కొనును. కావున కరెంటు పోయిన వెంటనే ఏసీ స్విచ్చును ఆపి, వచ్చిన అయిదు నిమిషములకు వేయుట మన యంత్రమునకును, పొరుగువారి యంత్రమునకును క్షేమము. అంతకు మించిన బాధ్యత ఒకటి కలదు. ఇంటికి కరెంటు తీసికొన్న నాడు రెండు పంకాలకు, నాలుగు దీపములకు సరిపడు భారమునే వ్రాయించి, పిదప ఏసీని, గీజరును, మోటరును చేర్చి, ఆ అదనపు భారమును నమోదు చేయించని ఇండ్లు అనేకము. వీధిలో ఇరువది ఇండ్లు ఇట్లు చేసినచో, కాగితముపై ఆ ట్రాన్స్‌ఫార్మరుకు భారము తక్కువగానే కనిపించును. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కావలెనని అడుగుటకు ఆధారమేది? నమోదు చేయించినచో కొంత రుసుము చెల్లింపవలసి వచ్చుననుట నిజము. కాని వేసవికొక సర్క్యూటు పలకను మార్చుకొనుచు, దాని వెల వ్యాపారికి చెల్లించుచున్న గృహస్థు ఆ రెండు లెక్కలను ఒకచోట వేసి చూచుకొనవలెను. పిదప నాలుగు ఇండ్లవారు కలిసి, తమ నోటుపుస్తకములలోని తేదీలు, గంటలు, వోల్టేజీ అంకెలు జతచేసి విద్యుత్ కార్యాలయమున అర్జీ ఇచ్చినచో, ‘లో వోల్టేజీ ఉన్నది’ అను ఒంటరి మాటకంటె దానికి బలము హెచ్చు.

ఇదంతయు సౌఖ్యము కొరకే కదా, ఇంత శ్రమ ఎందులకు అని ఎవరైన అనవచ్చును. 2015 మే నెల వడగాలులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో రెండు వేలకు పైగా జనులు మరణించిరి. వృద్ధులకు, పసిబిడ్డలకు, బాలింతలకు మే నెల రాత్రి చల్లని గది విలాసము కాదు. మధుమేహ రోగికి ఇన్సులిన్‌ను చల్లగా ఉంచు ఫ్రిజ్ విలాసము కాదు. ఆ ఫ్రిజ్‌లోని థర్మోస్టాటు పాత రకమే కావచ్చును. తీగ బలహీనమైనచో దాని కంప్రెసరు సైతము మూలిగి ఆగును. ఒక ఇంటి తీగను బాగు చేయించినచో ఏసీతో పాటు అన్ని యంత్రములును బాగుపడును.

శివరాత్రి దాటి ఎండ ముదురుటకు ముందే ఈ పరీక్షలు చేయించుకొనుట మంచిది. వేసవి నడుమ ఎలక్ట్రీషియను దొరకడు, దొరికినను తొందరలో ఉండును. ఏసీకి వేరుగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ, బిగువైన అతుకులు, తడిగా ఉన్న ఎర్తు గుంట, నమోదు చేయించిన భారము, ఈ నాలుగును ఉగాదిలోపల సమకూర్చుకొనవలెను. ఆ తరువాత కూడ పలకపై వెలుగు ఆరి వచ్చుచున్నచో అప్పుడు నిస్సందేహముగా పరికరమును అమ్మినవానివద్దకు తీసికొనిపోవచ్చును.